ఎచ్చెర్ల మండలం: జిల్లా ఒకటి, ఎంపీ సీటు ఇంకొకటి. ఊళ్లు, జనం, సర్కారు సేవల వివరాలు

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పది కిలోమీటర్లలోపే ఎచ్చెర్ల వస్తుంది. పేరుకు ఇది ఒక గ్రామం, ఒక మండలం. పనికి మాత్రం శ్రీకాకుళం నగరానికి శివారు. జిల్లాకు ఉన్న విశ్వవిద్యాలయం ఇక్కడే, ట్రిపుల్ ఐటీ ఇక్కడే, పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్ క్వార్టర్స్ ఇక్కడే, ఇంజినీరింగ్ కాలేజీలు, పురుగుమందుల ఫ్యాక్టరీ కూడా ఇక్కడే. మండలం తూర్పు కొసన సముద్రం, మత్స్యకార గ్రామాలు. నడుమ వరి చేలు.

చదువు కోసమో, ఫ్యాక్టరీ పని కోసమో, ఉద్యోగం బదిలీ మీదో ఇక్కడికి వచ్చే ముస్లిం కుటుంబాలకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఏ పనికి ఎక్కడికి పోవాలి? ఇక్కడ మనవాళ్లు చాలా తక్కువ. గుంటూరులోనో కర్నూలులోనో అయితే పక్కింటి చాచా చెప్పేస్తాడు, మసీదు దగ్గర నలుగురు చెప్పేస్తారు. ఎచ్చెర్లలో ఆ వీలు లేదు. అందుకే ఈ వివరాలు.

ఊళ్ల పేర్లలో పాత చరిత్ర

మండలంలోని ఊళ్ల పేర్లు చూస్తే కొత్తవాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. షేర్ మహమ్మద్ పురం, ఫరీదుపేట, ఇబ్రహీంబాద్. ఈ పేర్లు విని ఇవి ముస్లింలు ఎక్కువగా ఉండే ఊళ్లు అనుకుంటే పొరపాటే. జనం దాదాపు అంతా హిందువులు. పేర్లు మాత్రం నిజాంల కంటే ముందటి కాలం నుంచి, గోల్కొండ సుల్తానుల నాటి నుంచి సాగిన పాలన గుర్తులు.

శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అనేవారు. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున ఇక్కడ ఫౌజ్‌దార్ ఉండేవాడు. ఫౌజ్‌దార్ అంటే సైన్యాన్నీ శాంతిభద్రతలనూ చూసే అధికారి. ఆ ఫౌజ్‌దార్లలో మొదటివాడిగా చెప్పే షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించాడని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు రాశాయి. ఆ తర్వాత ఉత్తర సర్కారులనే అయిదింటిలో చికాకోల్ ఒకటైంది. తర్వాతి కాలంలో ఆర్కాట్ నవాబు అయిన అన్వరుద్దీన్ ఖాన్ కూడా కొన్నాళ్లు ఇక్కడ అధికారం నడిపినవాడే. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కార్‌ను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1765లో మొఘల్ చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, దాంతో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఆ రోజుల్లో చికాకోల్ మస్లిన్ బట్టకు పేరు. పక్క మండలం పొందూరులో ఇప్పటికీ నేసే సన్న ఖద్దరు ఈ ప్రాంతపు నేత పనికి మిగిలిన గుర్తు.

మండలంలో ఊరికీ మసీదు కట్టించిన ఫౌజ్‌దార్‌కూ ఒకటే పేరు. అయితే బస్సు బోర్డు మీద, ఫారాల మీద, కాలేజీ అడ్రసులో ఆ ఊరు 'ఎస్.ఎం. పురం' అయిపోయింది. అక్కడ చదివే పిల్లల్లో చాలామందికి ఆ రెండు అక్షరాల వెనక ఏముందో తెలియదు. అడ్రసు రాసేటప్పుడు మాత్రం రెండు పేర్లూ తెలిసి ఉండాలి, ఎందుకంటే రెవెన్యూ రికార్డుల్లో పూర్తి పేరు, పోస్టల్ వాడకంలో పొట్టి పేరు కనిపిస్తుంటాయి.

జనం

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లా జనాభా 27,03,114. అక్షరాస్యత 61.74 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం, అంటే జిల్లా అయిదు శాతం పైగా వెనకే. ఇంకో అంకె చూడండి. ప్రతి వెయ్యిమంది మగవారికి 1,015 మంది ఆడవారు. ఇది చూసి ఆడపిల్లల పరిస్థితి బాగుందని మురిసిపోవడానికి లేదు. విశాఖ, హైదరాబాద్, చెన్నై, గుజరాత్ రేవుల దాకా మగవాళ్లు వలస పోవడం కూడా ఇందులో ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీశారు. పాలకొండ వైపు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం వైపు విజయనగరం జిల్లాకు పోయాయి. మిగిలిన శ్రీకాకుళం జిల్లాకు 30 మండలాలు, సుమారు 21.9 లక్షల జనాభా. ఎచ్చెర్ల శ్రీకాకుళం రెవెన్యూ డివిజన్‌లో ఉంది.

మండలంలో తూర్పు కాపులు ఎక్కువ. వెలమలు, దళితులు, తీరంలో వాడబలిజ మత్స్యకారులు, ఇతర వెనుకబడిన కులాలవారు ఉన్నారు. ముస్లింల సంగతికి వస్తే, రాష్ట్రంలోనే వారి వాటా అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభాలో ముస్లింలు 9.56 శాతం ఉంటే, ఈ జిల్లాలో ఒక శాతం కూడా లేరు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం టౌన్‌లోనే. మండలాల్లో ఒకటీ అరా కుటుంబాలు.

తక్కువమంది ఉంటే ఏమవుతుంది? పథకం రద్దు కాదు, హక్కు పోదు. కానీ కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి బీసీ-ఈ సర్టిఫికెట్ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అలవాటు ఉండదు. 'పైవాళ్లని అడగాలి' అంటాడు. అడగడానికి వారం పడుతుంది. ఆ వారంలో అడ్మిషన్ గడువు అయిపోతుంది. నష్టం జరిగేది ఇక్కడే. అందుకే కాగితం పని ముందు నుంచే పెట్టుకోవాలి.

రెండు మ్యాపుల మధ్య

ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గంలో ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి. సిగడాం మండలాలు ఉన్నాయి. ఇది శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, కానీ లోక్‌సభకు మాత్రం విజయనగరం సీటు కిందికి వస్తుంది. 2022లో లోక్‌సభ సీటును బట్టి జిల్లాలు చేస్తామన్నప్పుడు ఎచ్చెర్ల కూడా విజయనగరానికి పోవాల్సింది. జిల్లాకున్న యూనివర్సిటీ, పరిశ్రమలు పోతాయని శ్రీకాకుళంలో గట్టిగా అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం నియోజకవర్గాన్ని శ్రీకాకుళంలోనే ఉంచింది.

మామూలు జనానికి దీని అర్థం ఇది. కలెక్టర్, ఎస్పీ, జిల్లా కోర్టు, మైనారిటీ సంక్షేమ కార్యాలయం, రేషన్, పింఛను అన్నీ శ్రీకాకుళమే. ఎంపీ లెటర్ కావాలన్నా, ప్రధానమంత్రి సహాయనిధికి వైద్య ఖర్చుల సిఫార్సు కావాలన్నా విజయనగరం ఎంపీ ఆఫీసుకే వెళ్లాలి. 2024 ఎన్నికల్లో గెలిచి ఆ సీటులో ఉన్నది తెలుగుదేశం పార్టీకి చెందిన కలిశెట్టి అప్పలనాయుడు. శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఆఫీసు దగ్గరే కదా అని అక్కడికి దరఖాస్తు పట్టుకుపోతే, 'మీది మా నియోజకవర్గం కాదు' అనే మాట వినాల్సి రావచ్చు. ఆస్పత్రిలో మనిషి ఉన్నప్పుడు ఆ ఒక్క తిరుగుడు కూడా ఖరీదే.

అసెంబ్లీకి 2024లో బీజేపీ అభ్యర్థి నడుకుదిటి ఈశ్వరరావు గెలిచారు. అంతకుముందు 2019లో వైఎస్సార్సీపీ నుంచి గొర్లె కిరణ్‌కుమార్, 2014లో తెలుగుదేశం నుంచి కిమిడి కళా వెంకటరావు, 2009లో కాంగ్రెస్ నుంచి మీసాల నీలకంఠం. 2009కి ముందు ఇది ఎస్సీ రిజర్వుడు సీటు. ఇక్కడి నుంచి 1983 మొదలుకొని వరసగా అయిదుసార్లు గెలిచిన కావలి ప్రతిభా భారతి 1999లో రాష్ట్ర అసెంబ్లీకి తొలి మహిళా స్పీకర్ అయ్యారు.

చదువు: గుమ్మం ముందున్న రెండు సంస్థలు

ఎచ్చెర్లలో 1977లో ఆంధ్రా యూనివర్సిటీ ఒక పీజీ సెంటర్ పెట్టింది. అప్పటిదాకా ఎం.ఏ., ఎం.కామ్. చదవాలంటే విశాఖలో రూము తీసుకోవాల్సిందే. ఆ సెంటరే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం అయింది. అడ్రసులో శ్రీకాకుళం అని ఉన్నా క్యాంపస్ ఎచ్చెర్లలో హైవే పక్కనే. జిల్లాలోని డిగ్రీ కాలేజీలకు అనుబంధం ఇచ్చేదీ ఈ యూనివర్సిటీయే. మార్కుల మెమో, ప్రొవిజనల్, మైగ్రేషన్ సర్టిఫికెట్లకు పిల్లలు రావాల్సింది ఇక్కడికే.

ఆడపిల్లను పీజీ చదివించడానికి దూరం అడ్డం అనే ఇళ్లకు ఈ యూనివర్సిటీ ఒక పెద్ద వెసులుబాటు. ఉదయం బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ప్రభుత్వ కళాశాల, విశ్వవిద్యాలయ ఫీజులు ప్రైవేటు కంటే తక్కువ. అయినా టౌన్‌లో ఇంటర్ దగ్గర ఆపేసిన ఆడపిల్లలు ఉన్నారంటే, కారణం దూరం కాదని ఒప్పుకోవాలి.

రెండోది రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం శ్రీకాకుళం క్యాంపస్. జనం నోట్లో 'ఎస్.ఎం. పురం ట్రిపుల్ ఐటీ'. నూజివీడు, ఆర్కే వ్యాలీ (ఇడుపులపాయ), ఒంగోలుతో పాటు రాష్ట్రంలో ఉన్న నాలుగు క్యాంపస్‌లలో ఇది ఒకటి. 2016లో మంజూరై మొదలైంది. దీని గురించి తెలియాల్సింది ఏమంటే, ఇక్కడ ఇంటర్ తర్వాత కాదు, పదో తరగతి తర్వాతే చేరాలి. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు హాస్టల్ ఉండి చదువు. ఎంట్రన్స్ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులే ఆధారం. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే నోటిఫికేషన్ పడుతుంది, ఎక్కువ రోజులు ఉండదు. కులం సర్టిఫికెట్ అప్పుడు పెట్టుకుందాం అనుకుంటే చేతికొచ్చే లోపు గడువు దాటుతుంది. కాబట్టి పిల్లాడు పదిలోకి రాగానే, జూన్‌లోనే పెట్టేయాలి.

మండలంలోనే చిలకపాలెం, ఎచ్చెర్ల దగ్గర ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. తీరం వైపు కుప్పిలిలో ఆదర్శ పాఠశాల ఉంది.

స్కాలర్‌షిప్‌ల విషయంలో ఇంకా పాత సమాచారమే తిరుగుతోంది. కేంద్రం మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటో తరగతి నుంచి ఉండేది. 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారు. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా 2022 డిసెంబరులో ఆపేశారు. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వేరే లెక్క. దానికి కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో కాలేజీ ద్వారా.

బీసీ-ఈ, బీసీ-బి, ఈడబ్ల్యూఎస్: ఏ గడిలో టిక్ పెట్టాలి

అడ్మిషన్ ఫారంలో ఎక్కువమంది తడబడే చోటు ఇదే. 'ముస్లిం అంటే బీసీ-ఈ' అనుకోవడం తప్పు. 2007 చట్టం ప్రకారం రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది సామాజికంగా, విద్యలో వెనుకబడిన కొన్ని ముస్లిం వర్గాలకు. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, అత్తర్ సాయిబులు, లబ్బీ వంటివి అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ వంటివారిని జాబితా నుంచి పేరు పెట్టి మరీ మినహాయించారు. దూదేకుల, నూర్‌బాషా వారిది బీసీ-బి, మెహతర్‌లది బీసీ-ఏ. ఈ 4 శాతం కేసు సుప్రీంకోర్టులో ఉంది. 2010 మార్చిలో కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదే రిజర్వేషన్ నడుస్తోంది.

సయ్యద్, పఠాన్ ఇళ్ల పిల్లలకు దారి ఈడబ్ల్యూఎస్. ఆర్థికంగా వెనుకబడిన ఓసీలకు ఇచ్చే 10 శాతం అది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలలోపు ఉండాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏడాదికే పనికొస్తుంది. నిరుడు తీసుకున్నది ఈ ఏడు చెల్లదు. ఆ సంగతి కౌన్సెలింగ్ రోజు తెలిస్తే ఏడుపొక్కటే మిగులుతుంది.

ఇంకొకటి. బీసీ-ఈ అనేది రాష్ట్ర జాబితా. ఎన్ఐటీ, ఐఐటీ, బ్యాంకు, రైల్వే ఉద్యోగాలకు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రెండూ ఒకటి కాదు. కేంద్ర జాబితాలో తమ వర్గం పేరు ఉందో లేదో చూసుకున్నాకే ఓబీసీ గడిలో టిక్ పెట్టాలి. పేరు లేనివారు అర్హత ఉంటే అక్కడ ఈడబ్ల్యూఎస్ కింద అడగవచ్చు. రాష్ట్రంలో బీసీ, కేంద్రంలో ఈడబ్ల్యూఎస్ ఏంటని గ్రామంలో ఎవరైనా అడ్డం చెబితే, రెండు జాబితాలు వేరని ఓపికగా చెప్పాల్సిందే.

పేరు దగ్గర మరో చిక్కు. బడి రిజిస్టరులో 'షేక్', ఆధార్‌లో 'ఎస్‌కే', పాన్‌లో ఆ రెండక్షరాలనూ ఇంటి పేరు పొడి అక్షరాలనుకొని మధ్యలో చుక్కలు. షేర్ మహమ్మద్ పురం ఎస్.ఎం. పురం అయినట్టే, షేక్ కాస్తా ఎస్.కే. అయిపోతాడు. ఊరికి పరవాలేదు, పిల్లాడికి నష్టం. కులం సర్టిఫికెట్‌కు పేరులో షేక్ కనిపించడం ముఖ్యం. పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే, అంటే ఆ ఏడాది శీతాకాలం లోపే, బడి రికార్డునూ ఆధార్‌నూ ఒకలా చేయించుకుంటే సగం బాధ తప్పుతుంది.

దరఖాస్తు గ్రామ సచివాలయంలోనే. 2019 అక్టోబరు 2 నుంచి నడుస్తున్న ఈ సచివాలయాల నుంచి కాగితం వీఆర్వోకు, ఆర్ఐకి, అక్కడి నుంచి తహసీల్దారుకు వెళుతుంది. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ (నంబరు 95523 00009) ద్వారా కూడా చాలా సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆగిపోతే 1100కు ఫోన్ చేయొచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. రసీదు తీసుకోకుండా ఇచ్చిన అర్జీ ఇవ్వనట్టే లెక్క.

తీరం వైపు

బుడగట్లపాలెం, బడివానిపేట, డి. మత్స్యలేశం. హైవే మీద పోయేవారికి ఈ ఊళ్లు కనబడవు. మండలానికి మరో ముఖం ఇది. సరైన జెట్టీ లేక, పెద్ద బోట్లు నిలపడానికి చోటు లేక, ఇక్కడి యువకులు ఏళ్లుగా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని ఆ దేశపు గస్తీదళం పట్టుకుంది. కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపాక 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర 20 మంది ఆంధ్ర మత్స్యకారులు దేశంలోకి వచ్చారు. వారిలో ఈ తీరంవాళ్లూ ఉన్నారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం ఆ సంఘటనే.

ప్రభుత్వం రెండో విడత ఫిషింగ్ హార్బర్ల జాబితాలో బుడగట్లపాలెం పేరు చేర్చింది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇదే ఊరికి వచ్చి, వేట నిషేధ కాలానికి ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలిచ్చే 'మత్స్యకార సేవలో' పథకం మొదలుపెట్టారు. నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. వచ్చిన డబ్బును 61తో భాగిస్తే రోజుకు 328 రూపాయలు. ఇంటికి, మనిషికి కాదు. హార్బర్ పూర్తయితే వెరావల్ వెళ్లే పని తగ్గుతుందా అన్నదే తీరం అడిగే ప్రశ్న.

ఫ్యాక్టరీలు, నీళ్లు, అణువిద్యుత్తు

చిలకపాలెం పక్క అరిణాం అక్కివలసలో పురుగుమందులు తయారుచేసే నాగార్జున అగ్రికెమ్ ఫ్యాక్టరీ (తర్వాతి పేరు ఎన్ఏసీఎల్) ఉంది. 2011 జూన్ 30న అక్కడ పెద్ద పేలుడు, మంటలు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఇళ్లు వదిలి పరుగులు తీశారు. ఇదే హైవే మీద ముందుకు పోతే రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలు. ఈ పారిశ్రామిక పట్టీలో పని దొరుకుతుంది కాబట్టే అద్దె ఇళ్లకు గిరాకీ. కాంట్రాక్టు కింద చేరేవారు మూడు విషయాలు చూసుకోవాలి. ఈఎస్ఐ నంబరు ఇచ్చారా, పీఎఫ్ యూఏఎన్ మీ మొబైల్‌కు లింక్ అయిందా, జీతం బ్యాంకులో పడుతోందా. ఈ మూడూ లేకపోతే ప్రమాదం జరిగిన రోజు మనిషి ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నట్టు రుజువు చేయడమే గగనం.

రణస్థలం మండలంలోనే కొవ్వాడ. ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లతో అణువిద్యుత్ కేంద్రం పెట్టాలని కేంద్రం ఎప్పుడో నిర్ణయించింది. అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ సాంకేతికతతో. అక్కడి నిర్వాసితులకు పునరావాస కాలనీ కోసం ఎంచుకున్నది ఎచ్చెర్ల మండలం ధర్మవరం. భూములిచ్చి ఏళ్లు గడిచాయి, కేంద్రం ఇంకా మొదలు కాలేదు.

వ్యవసాయానికి నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట కుడి కాలువ, మడ్డువలస రిజర్వాయరు రెండో దశ కాలువలు ఆధారం. ఎచ్చెర్ల కాలువ చివర ఉంటుంది. చివరి భూములకు నీళ్లు చివరనే వస్తాయన్నది ఇక్కడి రైతుకు చెప్పక్కర్లేని సంగతి.

ఆస్పత్రి, బస్సు, పింఛను

పెద్ద జబ్బు ఏదైనా శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికే. జనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు. 2008లో మొదలైన మెడికల్ కాలేజీకి అనుబంధం ఇది. రాగోలులో ప్రైవేటు వైద్య కళాశాల ఆస్పత్రి, జెమ్స్, ఉంది. తెల్లకార్డు కుటుంబాలకు ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలో చేరగానే వైద్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు నమోదు చేయించాలి. డబ్బు కట్టేశాక అడిగితే వెనక్కి రాదు. హైవే మీద ప్రమాదం జరిగితే 108, పోలీసుకు 112, కరెంటు పోతే ఈపీడీసీఎల్ 1912.

రైలు ఎచ్చెర్లకు లేదు. దగ్గరి పెద్ద స్టేషన్ ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్. విశాఖ బస్సులు మాత్రం హైవే మీద ఎప్పుడూ ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి చార్జీ లేదు. ఆధార్, ఓటరు, రేషన్ కార్డుల్లో ఏదో ఒకటి చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్, నాన్‌స్టాప్‌లకు ఇది వర్తించదు. రోజూ యూనివర్సిటీకి తిరిగే అమ్మాయికి నెలకు ఇంట్లో మిగిలేది తక్కువేం కాదు.

వృద్ధులకు, వితంతువులకు నెలకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు పింఛను 2024 జులై నుంచి. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికే తెస్తారు.

మసీదు, నికాహ్, హజ్

జుమాకు, ఈద్ నమాజుకు ఎక్కువమంది శ్రీకాకుళం టౌన్‌కే వెళతారు. అద్దెకు ఇల్లు చూసుకునేవారు హైవే పక్కన, టౌన్ వైపు బస్సు దొరికే చోట చూసుకుంటే శుక్రవారం మధ్యాహ్నం ఇబ్బంది తక్కువ. ఖబరస్తాన్ విషయం కూడా టౌన్ జమాత్ పెద్దలతో ముందే మాట్లాడి ఉంచుకోవడం మంచిది. మయ్యత్ ఇంట్లో ఉన్నప్పుడు అడిగే మాట కాదది.

ఇమాంలకు నెలకు 10 వేలు, మౌజన్లకు 5 వేల గౌరవ వేతనం రాష్ట్ర వక్ఫ్ బోర్డు ద్వారా ఇస్తారు. వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేయడానికి కేంద్రం 2025 జూన్ 6న 'ఉమీద్' పోర్టల్ తెరిచింది. చిన్న జమాత్‌లున్న చోట ఖబరస్తాన్ భూమి పాత పత్రాలు ఒక్కరి ఇంట్లో, ఒకే ట్రంకు పెట్టెలో ఉంటాయి. వాటి నకళ్లు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి.

నికాహ్‌నామాతో పాటు ప్రభుత్వ వివాహ నమోదు కూడా చేయించుకోవాలి. 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం మతం ఏదైనా వివాహ నమోదు తప్పనిసరి. గల్ఫ్‌కు భార్యను తీసుకెళ్లేటప్పుడు వీసాకు ఆ కాగితం అడుగుతారు. పాస్‌పోర్టు విశాఖ ప్రాంతీయ కార్యాలయం పరిధి. హజ్‌కు 2023లో మొదటిసారి విజయవాడ నుంచి విమానాలు వేశారు. దరఖాస్తులో బయలుదేరే ఊరు ఎంచుకునే దగ్గర చార్జీల తేడా చూసుకోవాలి. ఒక్కో ఊరికి ఒక్కో రేటు.

ఉర్దూను 2022లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. చట్టం ఎచ్చెర్లకూ వర్తిస్తుంది. అయితే ఇక్కడి ఇళ్లలో చాలామంది పిల్లలు మాట్లాడేది, రాసేది తెలుగే.

రాబోయే జనగణన

2011 తర్వాత దేశంలో జనాభా లెక్కలు జరగలేదు. వచ్చేదానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి అందరి కులం కూడా అడుగుతారు. 1931 తర్వాత ఇదే మొదలు. దీనిలో మతం ఒక గడి, కులం ఒక గడి, మాతృభాష ఇంకో గడి. మతం దగ్గర ఇస్లాం అని చెప్పి కులం దగ్గర ఏమీ చెప్పకపోతే ఆ గడి ఖాళీగా పోతుంది. షేక్ అయితే షేక్ అని, దూదేకుల అయితే దూదేకుల అని, సయ్యద్ అయితే సయ్యద్ అని సర్టిఫికెట్‌లో ఉన్న మాటే చెప్పాలి. మాతృభాష దగ్గర ఇంట్లో ఉర్దూ మాట్లాడితే ఉర్దూ, తెలుగు మాట్లాడితే తెలుగు. తెలిసిన మిగతా భాషలు చెప్పడానికి వేరే ప్రశ్న ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉండేవారు, హాస్టల్ పిల్లలు, వెరావల్‌లోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు ఎక్కడ లెక్కకు వస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. లెక్కల మనిషి వచ్చిన రోజు తలుపు తీసింది ఎనిమిదేళ్ల పిల్లవాడైతే, 'నాన్న లేరు' అని చెప్పి పంపేస్తే, జిల్లాలో ఒక శాతం కూడా లేని జనంలో ఇంకో ఇల్లు తగ్గినట్టే. మళ్లీ వస్తాం అని తలుపు మీద అంటించి పోయిన కాగితం ఉంటే దాని మీది నంబరుకు అదే రోజు ఫోన్ చేయాలి.